ప్రకటనలో మొదట విన్నాం, అసలు పాట తర్వాత దొరికింది: మీ చిన్ననాటి జ్ఞాపకాలు చెప్పండి

బందరు వాసి

పోయిన నెల మా అబ్బాయి ఉంటున్న ఊరికి వెళ్లినప్పుడు, వాడు నన్ను ఒక పాశ్చాత్య సంగీత కచేరీకి తీసుకువెళ్లాడు. ఆ సంగీతంతో నాకు ఏమాత్రం పరిచయం లేదు. వాద్యబృందం ఒక రచన మొదలుపెట్టిన కాసేపటికి, తీర్థంలో తప్పిపోయిన బంధువు హఠాత్తుగా ఎదురుపడినట్టు అనిపించింది. అది టైటాన్ గడియారాల ప్రకటనలో మేము చిన్నప్పుడు విన్న బాణీ. కచేరీ పత్రంలో చూస్తే మోట్జార్ట్ రాసిన 25వ సింఫనీ అని ఉంది. 1773లో, పదిహేడేళ్ల వయసులో, సాల్జ్‌బర్గ్‌లో ఉండగా ఆయన దాన్ని రాశారట.

1980ల చివరిలో మా వీధి మొత్తానికి రెండే టీవీలు ఉండేవి. శుక్రవారం చిత్రలహరికి ఎదురింటి పిన్నిగారి హాలులో చాప మీద ఇరవైమందిమి కూర్చునేవాళ్లం. పాటకూ పాటకూ మధ్య ప్రకటనలు వచ్చినప్పుడు పెద్దవాళ్లు మంచినీళ్లకు లేచేవారు, పిల్లలం మాత్రం కదిలేవాళ్లం కాదు. ఒకరికొకరు గడియారం బహుమతిగా ఇచ్చుకునే ఆ ప్రకటన వచ్చినప్పుడల్లా నాకు గొంతులో ఏదో అడ్డుపడేది. మా నాన్నగారి చేతికి రోజూ కీ ఇవ్వవలసిన పాత గడియారం ఉండేది. ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో ఆయనకు టైటాన్ కొనిచ్చాను. కొట్టువాడు డబ్బా మూత తీస్తుంటే నా తలలో ఆ బాణీ మోగిందంటే మీరు నమ్మాలి.

ప్రకటనలో మొదట విని, దాని వెనుక ఉన్న అసలు పాటనో, దాన్ని చేసినవారినో చాలా ఏళ్ల తర్వాత తెలుసుకున్న అనుభవం మీలో ఎవరికైనా ఉంటే దయచేసి రాయండి.

వీణాభ్యాసి

బందరు వాసి గారూ, మీ టపా చదివిన వెంటనే ఆ సింఫనీ మొదటి భాగాన్ని తీసి రెండుసార్లు విన్నాను, తర్వాత వీణ మీద పలికించి చూశాను. ఆరంభంలో తీగవాద్యాలు షడ్జం, పంచమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం అనే నాలుగు స్వరాలను, ఒక్కొక్కదాన్ని తాళానికి ఎదురెక్కిస్తూ, తరుముకొస్తున్నట్టు వాయిస్తాయి. ఆ నాలుగూ మన కీరవాణిలో ఉన్న స్వరాలే. కచేరీలో కీరవాణి విన్నప్పుడు కలిగే దిగులు ఇందులోనూ తెలిసీ తెలియకుండా తగులుతుంది.

నన్ను ఆశ్చర్యపరచింది ఇంకొకటి. అసలు రచనలో ఉన్నది కలవరం, ఊపిరాడనివ్వని వేగం. ప్రకటన చేసినవారు అదే సంగీతాన్ని తీసుకుని, నడక తగ్గించి, వాద్యాలు మార్చి, ఇద్దరు మనుషుల మధ్య ఆప్యాయతగా మార్చారు. స్వరాలు అవే ఉండగా భావం ఇంతగా మారడం మనకు కొత్త కాదు కదా, ఒకే రాగంలో జోలపాటా ఉంటుంది, యుద్ధఘట్టమూ ఉంటుంది. అయినా మోట్జార్ట్‌ను మన ఇళ్లలోకి తెచ్చింది ఒక చేతిగడియారం అన్న సంగతి నాకు ఈ రోజే తెలిసింది. అందుకు మీకు కృతజ్ఞతలు.

ఓరుగల్లు ఆడపడుచు

నాకు వెంటనే గుర్తుకు వచ్చేది అమూల్ ప్రకటన. తెల్లవారకముందే పాల బిందెలు ఎత్తుకుని ఆడవాళ్లు వరుసగా వస్తారు, వెనుక ఒక స్త్రీ గొంతు తన ఊరి గురించి పాడుతుంది. నాకు హిందీ రాదు, అది గుజరాతీ యాసతో ఉండటం వల్ల హిందీ వచ్చిన మా అక్కకు కూడా సగమే అర్థమయ్యేది. అయినా మేమిద్దరం ఆ పాటను మాకు వినిపించిన అక్షరాలతో, అర్థంతో నిమిత్తం లేకుండా, వాకిట్లో ముగ్గు వేస్తూ పాడుకునేవాళ్లం. మా అమ్మమ్మగారి ఊరిలో పాలకేంద్రం దగ్గర తెల్లవారుజామున గిన్నెలతో నిలబడే ఆడవాళ్లను చూసినప్పుడల్లా ఆ పాటే మనసులో మెదిలేది. అది అమూల్ వారు ప్రకటన కోసమే చేయించుకున్న పాట కాబట్టి అసలు పాట వేరే ఉందని చెప్పలేను గానీ, జ్ఞాపకం మాత్రం చాలా బలమైనది.

పాత రీలు

ఓరుగల్లు ఆడపడుచు గారూ, ఒక చిన్న సవరణకు అనుమతించండి. అది ప్రకటన కోసం పుట్టిన పాట కాదు. 1976లో వచ్చిన ‘మంథన్’ అనే హిందీ చిత్రంలోనిది. దర్శకుడు శ్యామ్ బెనగల్ మన హైదరాబాదులో పుట్టి పెరిగినవారు. గుజరాత్ పాల సహకార సంఘాల సభ్యులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేసుకుని, అంటే పది లక్షల రూపాయలు పోగుచేసి, ఆ చిత్రాన్ని నిర్మించారు. సంగీతం వనరాజ్ భాటియా. పాడినది ప్రీతి సాగర్, ఆ పాటకు ఆమెకు ఫిల్మ్‌ఫేర్ పురస్కారం వచ్చింది. అమూల్ ప్రకటనలోకి ఆ పాట ఆ తర్వాత చేరింది.

అయితే మీరు అనుకున్నదాంట్లో పూర్తిగా పొరపాటు ఉందని కూడా నేను అనను. పాలు పోసేవాళ్లే డబ్బు పెట్టి తీయించుకున్న చిత్రంలోని పాటను, ఆ పాలు అమ్మే సంస్థే తన ప్రకటనకు వాడుకుంది. ఆ పాట తన ఇంటికే తిరిగి వచ్చింది అనుకోవచ్చు.

ఓరుగల్లు ఆడపడుచు

పాత రీలు గారూ, మీరు చెప్పిన తర్వాత నిన్న రాత్రి అక్కకు ఫోను చేసి, ఇద్దరం వేర్వేరు ఊళ్లలో ఒకే సమయానికి ఆ చిత్రం పెట్టుకుని చూశాము. పాట మొదలైనప్పుడు ఇద్దరం ఒక్క మాట కూడా మాట్లాడలేదు. చిత్రంలో దాని అర్థం వేరుగా ఉంది. ఊరి పెత్తందారులు, కులాల పట్టింపులు, పాలలో నీళ్లు కలిపారన్న నిందలు, బయటి నుంచి వచ్చిన వైద్యుడి మీద అనుమానం, ఇన్నింటి మధ్య ఆ పాట వస్తుంది. ప్రకటనలో ఆ ఊరికి ఏ కష్టమూ లేదు. చిన్నప్పుడు మేము చూసినది ఆ ఊరి ఉదయం మాత్రమే, మిగిలిన రోజంతా ఇప్పుడు చూశాము.

పాత రీలు

ఆ చిత్రాన్ని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ పునరుద్ధరించగా 2024లో కాన్ చిత్రోత్సవంలో ప్రదర్శించారు. ఆ తర్వాత మా నగరంలో వేసినప్పుడు నేను పెద్ద తెర మీద చూశాను. నా వెనుక వరుసలో ఒక పెద్దావిడ పాట మొదటి చరణం నుంచీ గొంతు కలిపారు. ఎవరూ ఆవిడను ఆపమనలేదు.

వనరాజ్ భాటియా గురించి ఇంకొక్క మాట. జలపాతం కింద స్నానం చేసే అమ్మాయితో 1970లలో వచ్చిన లిరిల్ సబ్బు ప్రకటన ఇక్కడ అందరికీ గుర్తుండే ఉంటుంది. మాటల్లేని ఆ ఆలాపనకు బాణీ కట్టినది కూడా ఆయనే. లండన్‌లో, ప్యారిస్‌లో చదువుకుని వచ్చిన సంగీతజ్ఞుడు ఒక చేత్తో పల్లె పాటను, మరొక చేత్తో సబ్బు పాటను చేశారు. రెండూ ఈ దేశంలో కోట్ల మందికి నోటికి వచ్చాయి, ఆయన పేరు మాత్రం వారిలో చాలామందికి తెలియదు. ఇది నన్ను చాలాకాలంగా బాధిస్తున్న విషయం.

సనత్‌నగర్ క్వార్టర్స్

పేరు తెలియకపోవడం గురించి పాత రీలు గారు అన్నారు కాబట్టి మా ఇంటి కథ చెబుతాను. మా నాన్నగారు హైదరాబాద్ ఆల్విన్‌లో పనిచేసేవారు. సనత్‌నగర్‌లోని ఆ కర్మాగారాల నుంచి ఫ్రిజ్‌లు, బస్సుల బాడీలు వచ్చేవి, జపాన్‌లోని సైకో కంపెనీ సహకారంతో చేతిగడియారాలు కూడా ఆల్విన్ పేరుతో వచ్చేవి. వాటిలో కుర్రకారు కోసం ట్రెండీ అనే రకం ఒకటి తెచ్చారు. టీవీలో ఆ ప్రకటన వస్తే మా క్వార్టర్స్‌లో పిల్లలందరం “మన వాచీ, మన వాచీ” అని కేకలు వేసేవాళ్లం. నాన్నగారు పైకి ఏమీ అనేవారు కాదు, కానీ ప్రకటన అయిపోయేదాకా పత్రిక పేజీ తిప్పేవారు కాదు.

దాదాపు పాతికేళ్ల తర్వాత ఎ.ఆర్. రెహమాన్ జీవిత విశేషాలు చదువుతుండగా తెలిసింది. 1987లో, ఇంకా దిలీప్ అనే పేరుతో ఉన్నప్పుడు, ఆయన చేసిన మొట్టమొదటి ప్రకటన సంగీతం మా ఆల్విన్ ట్రెండీ గడియారాలకే. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏళ్లు. 1992లో ‘రోజా’ వచ్చేలోగా ఆయన వందల ప్రకటనలకు సంగీతం చేశారు. ఆ రోజుల్లోనే మన తెలుగు సంగీత దర్శకులు రాజ్–కోటి వద్ద కీబోర్డు వాయించారు. 2002లో ఎయిర్‌టెల్ కోసం ఆయన చేసిన బాణీ దేశమంతా ఫోన్లలో మోగుతున్నప్పుడు, దాని పూర్వీకుడు మా సనత్‌నగర్ గడియారం అని మా వీధిలో ఒక్కరికీ తెలియదు.

ఈ విషయం చదివిన రోజున నాన్నగారికి చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, “ఆ ప్రకటనలో డప్పులా ఒక దెబ్బ ఉండేది, అదే కదూ?” అన్నారు. బాణీ నాకు గుర్తు లేదు, ఆయనకు ఉంది. ఎంత వెతికినా ఆ ప్రకటన నాకు దొరకలేదు. ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, ఆయనకు ఇప్పుడు ఎనభై ఒకటి.

తెలుగు మాస్టారు

అందరి జ్ఞాపకాలూ ఎంతో హృద్యంగా ఉన్నాయి. అయినా నా మనసులోని అభ్యంతరం చెప్పకుండా ఉండలేను. పాటను దాని చోటు నుంచి పెకలించి సరుకు పక్కన నిలబెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మా అమ్మగారు దీపం పెట్టే వేళ పాడుకునే ఒక కీర్తన ఉండేది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా దాని బాణీని ఒక వంటింటి వస్తువు ప్రకటనలో, మాటలు మార్చి, నవ్వులాటగా వాడారు. ఆ తర్వాత ఆవిడ ఆ కీర్తన ఎత్తుకోగానే మా తమ్ముడికి నవ్వు వచ్చేది, కొన్నాళ్లకు ఆవిడ పాడటమే మానేశారు. ఇది ఎవరూ కావాలని చేసిన హాని కాదు. కానీ మా ఇంట్లో ఒక పాట అలా పోయింది.

టైటాన్ వల్ల మోట్జార్ట్ దొరికాడంటున్నారు, సంతోషమే. అయితే మోట్జార్ట్‌ను ముందే ఎరిగినవాళ్లకు ఆ ప్రకటన తర్వాత ఆ సింఫనీ వింటే గడియారమే కనబడి ఉంటుంది. ఆ నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని నా విన్నపం.

స్టూడియో విశ్రాంతుడు

మాస్టారు గారూ, మీ అమ్మగారి సంగతి చదివి నిజంగా బాధ కలిగింది. ఆ పని చేసిన వర్గంలో నేనూ ఒకడిని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ముప్పై ఏళ్లు హిందీ ప్రకటనల పాటలకు తెలుగు మాటలు రాశాను, పాడించాను.

పని ఇలా ఉండేది. బొంబాయి నుంచి వాద్యసంగీతం మాత్రమే ఉన్న టేపు, హిందీ మాటల కాగితం, బొమ్మ క్యాసెట్టు వచ్చేవి. వాద్యాల మీద చేయి వేయడానికి వీలు లేదు. ముప్పై సెకన్ల పాటను పది సెకన్లకు కోసినా అర్థం చెడకుండా ఉండాలి. సరుకు పేరు హిందీలో ఏ దెబ్బ మీద పడిందో తెలుగులోనూ సరిగ్గా అక్కడే పడాలి. ఇక్కడే మన భాషతో అసలు పేచీ వచ్చేది. హిందీ మాట హల్లుతో ఠక్కున ఆగుతుంది, దెబ్బ తెగుతుంది. మనది అజంత భాష, ప్రతి మాటా అచ్చుతో సాగుతుంది, పైగా మన క్రియాపదాలు పొడవు. వాళ్లు రెండు అక్షరాల్లో చెప్పే ఆజ్ఞ మనకు నాలుగు అక్షరాలయ్యేది. అందుకని మేము అందం, ఆనందం, అనుబంధం వంటి సున్నాతో ముగిసే మాటలను ఆశ్రయించాము. పెదవులు మూసుకుంటాయి, దెబ్బ తెగుతుంది. ఆ కాలపు తెలుగు ప్రకటనల పాటలన్నీ ఎందుకు అన్నిసార్లు ఆనందం అంటాయో మీరెవరైనా ఆలోచించి ఉంటే, కారణం భావం కాదు, తాళం.

గాయనీమణులు ఒకే పూటలో తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం నాలుగూ పాడి వెళ్లేవారు, ఒక్కొక్క భాషనూ తమ లిపిలో రాసుకుని. వారికి ఆ పూటకు ముట్టేది తప్ప, పేరు ఎక్కడా ఉండేది కాదు. సినిమా పాటకు రేడియోలో పేరు చదువుతారు. ప్రకటన పాటకు చదవరు. ఇంటింటా మోగిన కొన్ని గొంతులు ఎవరివో నాకు తెలుసు, కానీ వారి అనుమతి లేకుండా ఇక్కడ రాయను.

మాస్టారు గారు అన్న నష్టం నిజమే. కీర్తనల బాణీలు నా దగ్గరకు మూడుసార్లు వచ్చాయి. రెండుసార్లు వద్దన్నాను, ఒకసారి రాశాను. ఆ ఒక్కటీ రాయకుండా ఉండవలసింది.

తెలుగు మాస్టారు

స్టూడియో విశ్రాంతుడు గారూ, ఇంత నిజాయితీగా రాసినందుకు నమస్కారం. అజంత భాష గురించి మీరు చెప్పిన ముక్కను రేపు పదో తరగతిలో చెబుతాను. పిల్లలకు నా పాఠం కంటే అది బాగా అర్థమవుతుంది.

బర్మింగ్‌హామ్ బుజ్జి

నేను ఇంగ్లండులో పెరిగిన తెలుగు పిల్లను, మా నాన్నగారు అక్కడి ఆసుపత్రిలో వైద్యులు. అందువల్ల నా జ్ఞాపకాలు వేరు, కానీ విషయం ఒకటే. 1985లో లెవీస్ జీన్స్ ప్రకటన వచ్చింది, ఒక యువకుడు బట్టలుతికే దుకాణంలో జీన్స్ విప్పి యంత్రంలో వేసి అందరి ముందూ కూర్చుంటాడు. మా అమ్మగారు వెంటనే టీవీ కట్టేసేవారు, నాకు పాట మాత్రమే మిగిలేది. అది 1968లో మార్విన్ గే పాడి పేరు తెచ్చిన పాట. నేను కొన్నేళ్లపాటు ఆ ప్రకటనలో విన్నది ఆయన గొంతే అనుకున్నాను. కాదు, ప్రకటన కోసం మరొక గాయకుడితో కొత్తగా పాడించారు. అయినా జనం అసలు పాట కోసం దుకాణాలకు పరుగెత్తారు, మార్విన్ గే పాట మళ్లీ జాబితాలకు ఎక్కింది. 1984లోనే చనిపోయిన ఆయన అది చూడలేదు. 1987లో అదే కంపెనీ వాడిన బెన్ ఇ. కింగ్ పాట ‘స్టాండ్ బై మీ’, 1961 నాటిది, బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. ఆ పేరుతోనే ఒక సినిమా కూడా అప్పుడే రావడం దానికి కలిసివచ్చింది.

టైటాన్–మోట్జార్ట్ మాట చదవగానే నాకు గుర్తుకు వచ్చింది హోవిస్ రొట్టెల ప్రకటన. నిటారైన రాళ్ల వీధిలో ఒక కుర్రవాడు రొట్టెల సైకిలు తోసుకుంటూ ఎక్కుతాడు. 1973లో రిడ్లీ స్కాట్ దాన్ని తీశారు. వెనుక వచ్చేది ద్వోర్జాక్ అనే చెక్ సంగీతకారుడు 1893లో అమెరికాలో రాసిన సింఫనీలోని ఒక భాగం, ఇత్తడి వాద్యాల మీద. మా బడిలో అందరూ అది ఉత్తర ఇంగ్లండు జానపదమనే నమ్మారు. ఆ వీధి కూడా ఉత్తరాన లేదు, దక్షిణాన షాఫ్ట్‌స్‌బరీలో ఉంది. నేనైతే ఆ బాణీ విన్నప్పుడల్లా, ఎప్పుడో సెలవుల్లో చూసిన మా తాతగారి ఊరు, ఏలూరు దగ్గర పల్లె, తలచుకునేదాన్ని. ద్వోర్జాక్ కూడా దేశం కాని దేశంలో ఉండగా దాన్ని రాశారని పెద్దయ్యాక తెలిసింది.

వీణాభ్యాసి

బుజ్జి గారూ, ఆ భాగాన్ని నేను విన్నాను. ప్రధానమైన బాణీలో మధ్యమం, నిషాదం దాదాపు తగలవు, మన మోహనకు చాలా దగ్గరగా ఉంటుంది. ఏలూరు గుర్తుకు రావడంలో వింత లేదు.

తణుకు తమ్ముడు

నాది శాస్త్రీయ సంగీతం కాదు, గుడ్ల పాట. ఆదివారమైనా సోమవారమైనా రోజూ గుడ్డు తినమని హిందీలో చెప్పే ఆ పాట రాని పిల్లవాడు మా బడిలో లేడు. మాది కోళ్లఫారం ఇల్లు. తోటి పిల్లలు దాన్ని నన్ను ఏడిపించడానికి పాడేవారు, నేను కూడా గుడ్ల వాసన చొక్కాకు అంటుకుందేమోనని కుంచించుకుపోయేవాణ్ణి.

ఆ ప్రకటన ఇచ్చిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘాన్ని 1982లో స్థాపించింది మన తెలుగువారు బి.వి. రావు అని నాకు కాలేజీలో తెలిసింది. అంతకుముందు దళారులు చెప్పిందే ధర. మా నాన్న గుడ్లు బండికెత్తి, ఎంత వస్తుందో తెలియకుండా పంపేవారు. సంఘం వచ్చాక రైతులే రోజువారీ ధర ప్రకటించడం మొదలైంది. “నా గుడ్డు, నా ధర, నా జీవితం” అన్నది వారి నినాదం. అంటే బడిలో నన్ను ఏడిపించిన పాట మా నాన్న తలెత్తుకుని బతకడానికి పుట్టిన పాట. ఇది తెలిసిన రోజు ఇంటికి ఉత్తరం రాశాను. నాన్నకు చదువు రాదు, అమ్మ చదివి వినిపించిందట.

స్టూడియో విశ్రాంతుడు

తమ్ముడూ, మీ టపా మూడుసార్లు చదివాను.

బందరు వాసి

ఇన్ని సంగతులు వస్తాయని ఊహించలేదు. సనత్‌నగర్ క్వార్టర్స్ గారూ, మీ కోసం ఒక మాట. మా ఎదురింటి పిన్నిగారి అబ్బాయి అప్పట్లో టేప్‌రికార్డరును టీవీ ముందు పెట్టి చిత్రలహరి పాటలు ఎక్కించేవాడు. మధ్యలో ప్రకటనలు వస్తే ఆపడానికి బద్ధకించి అలాగే వదిలేసేవాడు. నిన్న ఫోను చేస్తే పాతిక క్యాసెట్లు అటక మీద ఉన్నాయని, కొన్నింటి మీద 1987, 1988 అని రాసి ఉందని చెప్పాడు. ఒకటి వేసి చూశాడట. హమారా బజాజ్ పాట చివర, కుక్కరు కూత, వాళ్లమ్మగారు “అన్నాలకు రండర్రా” అని పిలవడం స్పష్టంగా వినిపించాయట. ఆవిడ పోయి పదకొండేళ్లయింది. వాడు ఇక మాట్లాడలేక ఫోను పెట్టేశాడు.

వచ్చే ఆదివారం బందరు వెళుతున్నాను. పాతికా వింటాం. డప్పులాంటి దెబ్బ ఉన్న గడియారం ప్రకటన ఏ క్యాసెట్టులో ఉన్నా, ముందు మీ నాన్నగారికే పంపుతాను.

సనత్‌నగర్ క్వార్టర్స్

ఆదివారం ఆయనను ఎక్కడికీ వెళ్లనివ్వను. ఎంత రాత్రైనా ఫోను చేయండి.